ప్రగతినగర్ చెప్పే అల, సూర్యలంకలో విరిగే అల

హైదరాబాద్‌కు సముద్రం లేదు. ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, తీరానికి ఓ రాత్రి ప్రయాణం దూరాన ఉంది. అయినా దేశం చుట్టూ ఉన్న సముద్రంలో రేపు అల ఎంత లేస్తుందో లెక్కగట్టే కేంద్రం మాత్రం కూకట్‌పల్లి పక్కన, ప్రగతినగర్‌లోనే ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). 1999లో పెట్టారు, కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కిందికి వస్తుంది. 2004 సునామీ దెబ్బ తర్వాత, 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరికలు కూడా ఇక్కణ్ణుంచే వెళ్తున్నాయి. వేట బోట్లకు, రేవులకు ఉద్దేశించిన ఈ సముద్ర సూచన, శుక్రవారం రాత్రి కారేసుకుని బీచ్‌కు బయల్దేరే హైదరాబాదీకి ఎంతవరకు అక్కరకొస్తుందన్నదే ఈ రివ్యూ.

పరీక్షకు పెట్టిన తీరం బాపట్ల దగ్గరి సూర్యలంక. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా రోడ్డున వెళ్తే 300 కిలోమీటర్ల పైచిలుకు. రైలైతే బాపట్లలో దిగి ఆటో ఎక్కాలి. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ముందు ఆదివారం తిరనాళ్లే. కానీ జనాన్ని వదిలి ఇసుక మీద రెండు కిలోమీటర్లు నడిస్తే సరుగుడు తోట, పీతల బొరియలు, అలల హోరు తప్ప ఇంకేమీ ఉండవు. ఈత కాపరులూ ఉండరు. దగ్గర్లోనే వైమానిక దళం స్థావరం ఉంది కాబట్టి బోర్డు కనపడితే వెనక్కి తిరగాల్సిందే.

ముందు తీర్పు. హైదరాబాద్‌లో కూర్చుని 'ఈ వారం పోవాలా, మానాలా' అని తేల్చుకోవడానికి ఇన్‌కాయిస్ సూచన సరిపోతుంది, డబ్బు కట్టే పని కూడా లేదు. 'ఇక్కడ దిగాలా, ఇంకో వంద మీటర్లు అటు పోయి దిగాలా' అనే ప్రశ్నకు మాత్రం అందులో జవాబు దొరకదు. ఆ జవాబు ఇసుకలో ఉంటుంది. తీరంలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఈ రెండో ప్రశ్న దగ్గరే.

సూచనలో అందరూ మొదట చూసేది అల ఎత్తు, ఎక్కువగా తప్పు చదివేదీ దాన్నే. '1.2 మీటర్లు' అని ఉంటే ప్రతి అలా అంతే ఉంటుందని కాదు. వచ్చే అలల్లో పెద్దవాటిని మూడో వంతు ఏరి, వాటికి కట్టిన సగటు అది. 8 సెకన్లకో అల చొప్పున గంటకు 450 అలలు వస్తాయి. వాటిలో ఒకటో రెండో 2 మీటర్లు దాటడం మామూలే. బయటి సముద్రంలో అంత ఎత్తున్న అల ఒడ్డుకు వచ్చేలోపు విరిగిపోతుంది, నిజమే. కానీ అది తోసుకొచ్చే నీళ్లు ఎక్కడికీ పోవు. మోకాలి లోతులో నిలబడ్డవాడి నడుముకు తగిలేది ఆ నీళ్లే. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది.

రెండోది స్వెల్. అక్కడికక్కడ గాలి లేపే అల వేరు, వేల కిలోమీటర్ల అవతల తుఫాను పుట్టించి పంపే స్వెల్ వేరు. ఇన్‌కాయిస్ ఈ రెండింటినీ విడివిడిగా చూపిస్తుంది, ఈ సేవలో అన్నిటికన్నా విలువైన అంశం అదే. స్వెల్ ఎత్తు పక్కనే ఎన్ని సెకన్లకు ఒక అల అనేది ఉంటుంది. చాలామంది ఆ అంకెను దాటేసి కిందికి పోతారు. మీటరు ఎత్తున 6 సెకన్లకోసారి వచ్చే అలకూ, అదే మీటరు ఎత్తున 12 సెకన్లకోసారి వచ్చే అలకూ మధ్య శక్తిలో తేడా రెట్టింపు. కంటికి మాత్రం రెండోదే నెమ్మదిగా, బుద్ధిగా కనిపిస్తుంది. పైగా ఈ సాగిన స్వెల్ గుంపులుగా వస్తుంది. కాసేపు చిన్న అలలే వచ్చి, ఆ తర్వాత అయిదారు పెద్దవి వరసగా వచ్చి పడతాయి. దిగేముందు రెండు నిమిషాలు చూసి 'ఏం లేదులే' అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. కనీసం పావుగంట చూడాలి.

14 సెకన్ల స్వెల్ లోతు నీటిలో రోజుకు 900 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టింది మన తీరం చేరడానికి రోజులు పడుతుంది. అది వచ్చే రోజున బాపట్లలో ఆకాశం నిర్మలంగా ఉండొచ్చు, ఆకు కదలకపోవచ్చు. కేరళ జాలర్లు దీన్ని 'కల్లక్కడల్' అంటారు, దొంగలా వచ్చే సముద్రమని అర్థం. ఆంధ్రా తీరంలో దాని ఉధృతి కేరళలో ఉన్నంత ఉండదు గానీ, ఏప్రిల్, మే నెలల్లో ఎండలకు తాళలేక సముద్రానికి పరిగెత్తేవాళ్లు చూడాల్సింది ఈ స్వెల్ సర్జ్ హెచ్చరికనే. వాతావరణం యాప్‌లో 'సన్నీ' అని చూసి ధైర్యపడితే కుదరదు.

ఇక్కడి నుంచి స్థలజ్ఞానం కావాలి. సూర్యలంక ఉన్నది నిజాంపట్నం అఖాతం అంచున. తూర్పున కృష్ణా డెల్టా సముద్రంలోకి పొడుచుకువచ్చి, దివి మొన దాకా వెళ్తుంది. ఈశాన్య గాలి రోజుల్లో లేచే అలకు ఆ మొన చాలావరకు అడ్డుగా నిలుస్తుంది. అంటే చలికాలంలో బయటి సముద్రానికి ఇచ్చిన ఎత్తు సూర్యలంక ఒడ్డున కాస్త తగ్గే ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే స్వెల్‌కు అలాంటి అడ్డు లేదు, నేరుగా కొడుతుంది. కాబట్టి ఎత్తు ఎంతైనా, దిశ దక్షిణమైతే అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవాలి. ఈశాన్యమైతే కొంచెం సడలించుకోవచ్చు. తుఫాను సంగతి వేరు. ఇదే అఖాతం లోతు తక్కువ కావడం, డెల్టా నేల పల్లంగా ఉండడం వల్లనే 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి ఉప్పెన అంత ఎత్తున ఎక్కింది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది కూడా బాపట్ల దగ్గరే. అల్పపీడనం మాట వినపడితే టికెట్ రద్దు చేసుకోవడమే, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఇసుక. కృష్ణ మోసుకొచ్చిన సన్న ఇసుక తీరమిది. సన్న ఇసుక నిలువుగా నిలవదు, పల్చగా పరుచుకుంటుంది. అందుకే వాలు తక్కువ, అల దూరంలోనే విరిగి నురగ కక్కుతూ జారుకుంటూ వస్తుంది. గుభేలున మీద పడి మెడ విరిచే రకం కాదు. చూడ్డానికి పిల్లల తీరంలా ఉంటుంది. మోసం ఉన్నది నీళ్ల అడుగున.

ఒడ్డు నుంచి సముద్రంలోకి ఒక గీత గీసి, దాని మీద నడుస్తున్నట్టు ఊహించుకోండి. మొదట చీలమండ లోతు, తర్వాత మోకాలు, తర్వాత నడుము. అక్కడ భయమేసి ఆగాలి. కానీ ఇంకో పది పదిహేను అడుగులు వేస్తే నీళ్లు మళ్లీ మోకాలికి దిగుతాయి. 'అబ్బ, ఇక్కడ లోతే లేదు' అని జనం అక్కడ చేరతారు. వాళ్లు నిలబడ్డది ఒడ్డుకు సమాంతరంగా సాగే ఇసుక తిన్నె మీద. దాటి వచ్చిన నడుము లోతు చోటు ఆ తిన్నెకూ ఒడ్డుకూ మధ్య ఉన్న కాలువ. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్లారు కాబట్టి దాటగలిగారు. గంటలు గడిచి పోటు వస్తే, అంటే సముద్రం నీళ్లు పెరిగితే, తిన్నె మీద నీళ్లు నడుముకు, కాలువలో మెడకు వస్తాయి. తిన్నె మీంచి అలలు లోపలికి పోసిన నీళ్లన్నీ వెనక్కి వెళ్లడానికి దారి వెతుక్కుంటాయి. కాలువ వెంబడి పక్కకు పారి, తిన్నె తెగిన చోట నుంచి ఒక్కుమ్మడిగా సముద్రంలోకి దూకుతాయి. అదే రిప్ కరెంట్. మామూలుగా సెకనుకు అర మీటరు వేగంతో పోతుంది, అల పెద్దదైనప్పుడు 2 మీటర్లకు కూడా చేరుతుంది. అంత వేగానికి ఎదురీదడం ఒలింపిక్ ఈతగాడికే కష్టం, గచ్చిబౌలి స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈత ఏ మూలకు? పత్రికల్లో 'సముద్రంలోని గుంతలో పడి' అని రాసే చావుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ కాలువే. అది గొయ్యి కాదు, పారే నీరు. పైగా అక్కడే ఉండదు, అలలు మారితే జరుగుతుంది. పోయినసారి బాగున్న చోటు ఈసారి బాగుంటుందన్న నమ్మకం లేదు.

దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు, కాస్త ఎత్తు కావాలి. నీటి అంచున నిలబడితే కనపడదు. వెనక్కి వచ్చి ఇసుక దిబ్బ ఎక్కాలి, బాలబంద తీగలు, రావణాసురుడి మీసాలు పరుచుకున్న ఆ మిట్ట మీదికి. (మీసాల గడ్డి మొనలు సూదుల్లా ఉంటాయి, చెప్పులు విప్పకండి.) అక్కణ్ణుంచి చూస్తే తెల్లని నురగ వరస మధ్యలో ఒకచోట నురగ లేకుండా, నీళ్లు నల్లగా, నున్నగా కనిపిస్తాయి. చాలామంది 'అలల్లేవు, ఇక్కడ దిగుదాం' అని ఎంచుకునేది సరిగ్గా ఆ చోటే. అల విరగలేదంటే కింద లోతు ఉన్నట్టు. మీటరు ఎత్తు అల మీటరుంబావు దాకా లోతున్న చోట విరుగుతుంది, అంతకన్నా లోతైతే విరక్కుండా దాటిపోతుంది. ఇంకో గుర్తు, ఆ నల్లటి చోటుకు ఎదురుగా ఒడ్డు అంచు లోపలికి వంపు తిరిగి ఉండడం. అనుమానం తీరకపోతే తాగి పారేసిన కొబ్బరి బోండాం ఒకటి తెచ్చి మోకాలి లోతులోంచి విసరండి. ఒడ్డుకు తిరిగొస్తే సరే. పక్కకు జరుగుతూ పోతుంటే కాలువలో ఉంది. పక్కకు పోయి, ఒక్కసారిగా సముద్రంలోకి మళ్లితే ఆ దారిని మీకు చూపించినట్టే. బోండాం తిరిగి రాలేదని మీరు దిగకండి.

పోటు పాటుల లెక్క చిన్నదే. ఆంధ్రా తీరంలో పౌర్ణమి, అమావాస్యల్లో కూడా నీటిమట్టం తేడా మీటరు, మీటరున్నర దగ్గరే ఉంటుంది. గుజరాత్ ఖంభాత్ సింధుశాఖలో ఇది 10 మీటర్ల దాకా ఉంటుందంటే మనది లెక్కలోకే రాదనిపిస్తుంది. కానీ యాభై అడుగులకు ఒక అడుగు వాలున్న ఇసుక మీద మీటరు నీరు పెరిగితే అంచు 50 మీటర్లు లోపలికి వస్తుంది. ఒడ్డున పెట్టిన చెప్పులు, బ్యాగులు తేలిపోయేది ఇందుకే. పోటుకూ పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. రోజుకు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. శనివారం పొద్దున ఏడింటికి పోటు ఉంటే ఆదివారం ఎనిమిదికి పది నిమిషాల ముందు ఉంటుంది. దీనికి తోడు బంగాళాఖాతం మట్టం ఏడాదిలో కూడా మారుతుంది. అక్టోబర్, నవంబర్‌లలో ఎత్తు, మార్చి దరిదాపుల్లో తక్కువ. మార్చిలో తీసిన ఫొటో చూసి 'అంత వెడల్పు బీచ్' అనుకుని కార్తీక స్నానానికి వెళ్తే సగమే కనిపిస్తుంది.

తీరం ఈమధ్య కోతకు గురైందా లేదా అన్నదీ ఇసుకే చెబుతుంది. అల బలంగా వచ్చినప్పుడు తేలికైన తెల్ల ఇసుకను ఈడ్చుకుపోయి, బరువైన ఇల్మెనైట్, గార్నెట్ రేణువులను వదిలేస్తుంది. నల్ల, ఎర్ర చారలు కొత్తగా, మందంగా కనపడితే రెండు మూడు రోజుల్లో పెద్ద అలలు వచ్చి పోయాయని. మోకాలెత్తున నిలువుగా తెగిన ఇసుక గట్టు కనిపిస్తే అదీ అంతే. ఆ గట్టు అంచున పిల్లల్ని కూర్చోబెట్టకండి, కింద బోలుగా ఉండి కూలుతుంది. కోసుకుపోయిన ఇసుక పోయి తిన్నెగా మారి ఉంటుంది కాబట్టి, గట్టు తెగి ఉన్న రోజున లోపలి కాలువలు కూడా కొత్తగా పడి ఉంటాయనుకోవాలి. డ్రెయిన్లు సముద్రంలో కలిసే మొగల దగ్గరకు అసలు పోవద్దు. పాటు సమయంలో లోపలి నీరంతా అక్కణ్ణుంచే బయటికి పరిగెత్తుతుంది, అడుగున బురద.

సూచనను వాడే పద్ధతి ఇదీ. గురువారం రాత్రి ఇన్‌కాయిస్ వెబ్‌సైట్ గానీ 'సముద్ర' యాప్ గానీ తెరిచి, బాపట్ల తీరానికి శని, ఆదివారాల అల ఎత్తు, స్వెల్ ఎత్తు, సెకన్లు, దిశ నాలుగూ రాసుకోవాలి. శుక్రవారం సాయంత్రం బయల్దేరేముందు మళ్లీ చూడాలి. రెంటికీ పెద్ద తేడా ఉంటే సముద్రం ఇంకా కుదురుకోలేదనే అనుకోవాలి. అల మీటరు లోపు, స్వెల్ 9 సెకన్ల లోపు ఉంటే పొద్దున పూట నడుము లోతు దాకా దిగొచ్చు. మీటరు నుంచి మీటరున్నర అయితే మోకాలితో సరి. అంతకు మించినా, అల చిన్నదైనా స్వెల్ 12 సెకన్లు దాటినా పాదాలు తడుపుకుని రావడమే. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికల్లో ఏది ఉన్నా ఇసుక మీదే కూర్చోవాలి. ఈ హద్దులు ఈత అంతంతమాత్రంగా వచ్చినవాళ్ల కోసం మేము పెట్టుకున్నవి, ఇన్‌కాయిస్‌వి కావు.

ఒడ్డుకు చేరాక సూచనను సరిచూసుకోవచ్చు. ఒక చోట విరిగే అలలను పదకొండు లెక్కపెట్టి, మొదటిదానికీ చివరిదానికీ మధ్య సెకన్లను పదితో భాగిస్తే సగటు వస్తుంది. యాప్ 8 అంటే మీకు 13 వచ్చిందనుకోండి, మీ అంకెనే నమ్మండి. ఎత్తు కొలవడానికి నీటి అంచున తడి ఇసుక మీద కూర్చోవాలి. అలా కూర్చున్న పెద్దమనిషి కన్ను ఇసుక నుంచి ముప్పావు మీటరు ఎత్తులో ఉంటుంది. విరిగే అల తల, దూరాన నీళ్లూ ఆకాశం కలిసే గీతను కప్పేస్తుంటే ఆ తల ముప్పావు మీటరు దాటినట్టే.

వేళ కూడా ముఖ్యమే. తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది, అల నున్నగా, వరసగా వస్తుంది. ఎండెక్కాక గాలి తిరగబడి నీటి ముఖమంతా చిందరవందర అవుతుంది, రిప్ గుర్తులు కూడా ఆ గందరగోళంలో కలిసిపోతాయి. ఆరు నుంచి తొమ్మిది మంచి సమయం. బిర్యానీ తిని మధ్యాహ్నం దిగడం అన్నివిధాలా తప్పే. సీజన్ల మాటకొస్తే జనవరి నుంచి మార్చి మేలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి స్వెల్, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల భయం. సర్ఫింగ్ బోర్డు మోసుకొచ్చే ఆలోచన ఉంటే మానేయండి, వైజాగ్ వైపు చూసుకోండి. ఇక్కడ అల ఒక మూల నుంచి ఒరుసుకుంటూ విరగదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేసారి కూలుతుంది.

లోపాలు చెప్పాలంటే, వాడుకలో ఇది నిపుణుల కోసం చేసినట్టే ఉంటుంది. చేపల వేటకు సంబంధించిన సూచనలు తెలుగులో వస్తాయి, మెచ్చుకోవాల్సిందే. కానీ రంగుల మ్యాపు చూసి మామూలు మనిషి ఏం చెయ్యాలో అర్థం చేసుకోవడం కష్టం. కంప్యూటర్ మోడల్ లెక్క విశాలమైన చదరాలకు వేసింది, 30 మీటర్ల ఇసుక తెగు దాని కంటికి ఆనదు. ఇది ఇన్‌కాయిస్ తప్పు కాదు, విండీ లాంటి ప్రైవేటు యాప్‌ల సంగతీ అంతే. అవి చూడ్డానికి బాగుంటాయి, గంటగంటకూ గాలి తెలుసుకోవడానికి పనికొస్తాయి. ఇంకో తలనొప్పి వాట్సాప్. పాత హెచ్చరిక స్క్రీన్‌షాట్ ఏడాది తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది. బులెటిన్ పైన వేసిన తేదీ చూడకుండా భయపడటమూ ధైర్యపడటమూ రెండూ దండగే.

కారును ఇసుక మీదికి దించాలన్న సరదా చాలామందికి ఉంటుంది. పొడి ఇసుకలో చక్రం కూరుకుంటే యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఇంకా దిగుతుంది. ఆపి, టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించి, చక్రం ముందు ఇసుక తోడి, కారు మ్యాట్లు పరిచి నెమ్మదిగా రెండో గేరులో కదపాలి. రోడ్డెక్కగానే గాలి పట్టించుకోవాలి. తడి ఇసుక గట్టిగా ఉంటుందని నీటి అంచుకు తీసుకెళ్తే, ఒక్కో అల వచ్చి ఆ ఇసుకను జావ చేస్తుంది, పోటు వచ్చే వేళైతే ట్రాక్టరే దిక్కు.

ఎవరైనా రిప్‌లో పడితే ఒడ్డు వైపు ఈదొద్దని అరిచి చెప్పాలి. వెల్లకిలా తేలి, ప్రవాహం నెమ్మదించాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్న చోట నుంచి అలలతో పాటు రావాలి. ఒకరి కోసం ముగ్గురు దూకి నలుగురూ పోవడం ఈ తీరాల్లో మళ్లీ మళ్లీ జరిగేదే. దూకకుండా విసరడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మామూలు అత్యవసరానికి 112. కారు డిక్కీలో 25 మీటర్ల నైలాన్ తాడు, ఇంట్లోని 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్ వేసుకోండి. గట్టి మూత ఉన్న ఖాళీ క్యాన్ ఇద్దరిని తేల్చగలదు. తాడును క్యాన్ మెడకు ముందే కట్టి ఉంచుకోండి, మునిగేవాడి తల మీదికి కాక అవతలికి విసిరి మీ వైపు లాగండి. వదులు మూతలో నీళ్లు దూరితే క్యానే మునుగుతుంది, కాబట్టి మూత బిగుసుకుంటుందో లేదో హైదరాబాద్‌లోనే, బకెట్‌లో ముంచి చూసుకుని బయల్దేరండి.